పిల్లరాజు పక్షం

మాస్టారు పోయారని విమల ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు పార్కింగ్‌లో కారుకి చోటు వెతుక్కుంటున్నాను. గుంటూరులో, నిద్రలోనే, ఎవరికీ పని పెట్టకుండా పోయారట. ఏడుపంతా ముందే అయిపోయినట్టుంది, విమల గొంతు పొడిగా ఉంది. "మంచి చావే," అన్నాను. ఇంకొకళ్ళయితే నొచ్చుకునేవాళ్ళు. విమల ఐసీయూలో నర్సు. మంచి చావుకీ చెడ్డ చావుకీ తేడా నాకంటే తనకే బాగా తెలుసు.

"నాన్న సంగతి తెలుసుగా నీకు," అంది. "నేను పోయాక నా కోసం ఎవరూ ప్రార్థన చెయ్యొద్దు, పాటలు పాడుకుని ఇళ్ళకి పొండి అని తమ్ముడికి గట్టిగా చెప్పిపెట్టాడు. ఇక్కడేమో రూత్ ఒకటే ఏడుపు. ఆదివారం వాళ్ళ చర్చిలో, పూజలో, తాత పేరు చదివిస్తానంటోంది. వద్దంటే నా మీదకి లేస్తోంది. ఏం చెయ్యమంటావే?"

రూత్ విమల కూతురు. పెళ్ళయ్యాక మొగుడితో పాటు క్యాథలిక్ చర్చికి వెళ్తోంది. చనిపోయినవాళ్ళ పేరు చదివి వాళ్ళ కోసం ప్రార్థించడం అక్కడ మామూలు. మాస్టారి దృష్టిలో అది మామూలు సంగతి కాదు, ఐదు వందల ఏళ్ళ తగాదా.

"సాయంత్రం చెప్తా," అన్నాను. అడిగేలోపు జవాబు చెప్పేస్తానని నాకో పేరుంది. కానీ దీనికి జవాబు చెప్పాలంటే ముందు మాస్టారితో వాదించాలి. మనిషి లేకుండా ఆ మనిషితో వాదించడం నాకు అలవాటు లేదు.

విమలా నేనూ అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఒకే వరస టౌన్‌హౌసుల్లో ఉంటాం. భర్త పోయాక విమల కూతుర్ని ఒక్కతే పెంచుకొచ్చింది. మాస్టారు విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉండేవారు, వెళ్ళేవారు, ఏడాది తిరిగాక మళ్ళీ వచ్చేవారు. గుంటూరు దగ్గర మిషన్ హైస్కూల్లో హిస్టరీ, ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నాలుగు తరాల లూథరన్లు, పోపుని ఒప్పుకోని క్రైస్తవులు. నేనేమో దేవుడి జోలికి పోని మనిషిని. ఎమ్మే హిస్టరీ చదివి, అమెరికా వచ్చి, ఏదో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో పడ్డదాన్ని. వాళ్ళింట్లో మొదటిసారి భోజనానికి కూర్చున్న రోజు విమల ఈ సంగతి ఆయనకి చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు.

"ఎమ్మే హిస్టరీ అంట కదమ్మా. మరి కంప్యూటర్ల దగ్గర ఏం చేస్తుంటారు?"

"టెస్టింగ్ అండీ. వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పులు పడతాను."

"అయితే చదివిన చదువే చేస్తున్నారన్నమాట."

నవ్వలేదు. చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి మోకాలి మీద పరుచుకున్నారు. "ఇంగ్లండు రాజుల్లో మీకు నచ్చినవాడెవరు?"

"రాజులెవరూ నచ్చరండీ."

"అది జవాబు కాదు, తప్పించుకోవడం. సున్నా."

నలభై దాటిన మనిషికి, అదీ కంచం ముందు కూర్చోబెట్టి, సున్నా వేస్తే ఎట్లా ఉంటుంది? "అయితే మీకు నచ్చినవాడెవరో చెప్పండి. నేనూ మార్కులేస్తా," అన్నాను. బల్ల కింద విమల నా కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆయనకి నచ్చినవాడు ఒక పిల్లాడు. పదహారో శతాబ్దంలో తొమ్మిదేళ్ళకి ఇంగ్లండు గద్దె ఎక్కి, పదిహేనేళ్ళకే జబ్బుచేసి పోయినవాడు. ఆరుగుర్ని పెళ్ళాడిన రాజుకి లేకలేక పుట్టిన మగబిడ్డ. తండ్రి పోపుని కాదన్నాడంటే పెళ్ళాన్ని వదిలించుకోడానికి. కొడుకు మాత్రం నమ్మి కాదన్నాడు. ఇదీ మాస్టారి సిద్ధాంతం. ఆ రాజుకి పేరుంది, పేరు పక్కన అంకె కూడా ఉంది. మాస్టారు రెండూ వాడేవారు కాదు. "మన పిల్లరాజు" అనేవారు, చేతుల్లో పెరిగిన మేనల్లుడి కబుర్లు చెప్తున్నట్టు.

"పన్నెండేళ్ళకి ఫ్రెంచి నేర్చుకుంటూ, ఆ ఫ్రెంచిలోనే, పోపు పెత్తనం చెల్లదని ఇంత వ్యాసం రాశాడమ్మా. నేను జీవితమంతా వ్యాసాలు దిద్దాను. ఆ వయసువాడు ఆవు గురించి రాస్తాడు. ఆవు సాధుజంతువు. వీడు రోమాపురి మీద రాశాడు."

"పక్కన మేనమామ కూర్చుని రాయించి ఉంటాడు లెండి. రాజ్యం నడిపింది ఆయనేగా."

ఆ మాటకి ఆయన కళ్ళజోడు తీసేశారు. తర్వాత తెలిసింది, అది యుద్ధభేరి అని. వాదన మొదలయితే కళ్ళజోడు తీసి, అద్దాల్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, వాటితో మాట్లాడేవారు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "అవతలి మనిషి మొహం కనపడితే జాలేస్తుంది. జాలిపడితే వాదన పాడైపోతుంది," అన్నారు. అద్దాల్లేకపోతే ఆయనకి నేను ఒక మసక. మసకతో ఆయన ఎంతసేపైనా వాదించగలరు.

ఆ రోజు నుంచి నాకు "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. "హిస్టరీ అమ్మాయ్" అని బిరుదు కూడా వచ్చింది. సెలవు రోజుల్లో పొద్దున్నే తలుపు తట్టేవారు. టీ ఇచ్చేదాన్ని. పంచదార వద్దనేవారు, ఇస్తే తాగేవారు. "రాత్రి ఆలోచించాను. నువ్వన్నది తప్పు," అని మొదలెట్టేవారు. బాగున్నావా, పిల్లలు బాగున్నారా లాంటివి మా మధ్య లేవు.

ఆయన పోపుని పోపు అనేవారు కాదు. "రోమాపురి బిషప్పుగారు" అనేవారు. "బిషప్పు వరకూ నాకు అభ్యంతరం లేదు. మా గుంటూరుకీ ఒకాయన ఉన్నాడు. మా ఆయన లండను వ్యవహారాల్లో వేలు పెట్టడు. ఈయనా పెట్టకూడదు." పిల్లరాజు ఏమేం చేశాడో చెప్పేటప్పుడు నా డైనింగ్ టేబులే ఆయనకి ఇంగ్లండు. చర్చి గోడల మీద బొమ్మలకి సున్నం కొట్టించాడని అరచేత్తో టేబులు తుడిచేవారు. ప్రార్థనంతా జనం మాట్లాడే భాషలోకి తెచ్చాడని టీ కప్పు నా వైపు జరిపేవారు. రాతి బలిపీఠాలు పీకించి చెక్క బల్లలు వేయించాడని పిడికిలితో టకటకా కొట్టేవారు. "బల్ల! మా ఊళ్ళో ఇప్పటికీ ప్రభువు బల్ల అంటాం. సిలువ మీద బలి ఒక్కసారే అయిపోయింది. ఇంక పీఠమెందుకు? మిగిలింది భోజనమే."

"పోపుని దించి ఆ కుర్చీలో రాజుని కూర్చోబెట్టారు. జనానికి ఒరిగిందేంటి మాస్టారూ?"

"పోపుని అడగడానికి లేదు. రాజుని అడగొచ్చు."

"అడిగినవాళ్ళ తలకాయలు తీశారుగా?"

"తీశారు. అడిగితేనే కదా తీసింది."

ఇదీ ఆయన పద్ధతి. ఓడిపోయిన చోట ఒక మెట్టు పక్కకి జరిగి, అక్కడ గెలిచేవారు.

చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థనలు మాన్పించాడే, అది పిల్లరాజు చేసిన పనులన్నిటిలోకీ గొప్పదని ఆయన అభిప్రాయం. "మనిషి పోయాక పరీక్ష అయిపోయినట్టు. పేపరు ఇచ్చేశాక వెనకనుంచి మనం గోలచేస్తే మార్కులు మారతాయా? ఉన్నప్పుడు చూడాలి మనిషిని. పోయాక ఏముంది?" ఈ ఒక్క విషయంలో నేను ఆయన పక్షమే. అందుకని దాని మీద ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒప్పుకున్న సంగతి మాట్లాడుకోవడం మా ఇద్దరికీ టైమ్ వేస్టు.

బూట్ల సంగతి చెప్పాలి. ఆయనవి నల్ల తోలుబూట్లు, గుంటూరు నుంచి వేసుకొచ్చినవే. అడుగులు ఎన్నిసార్లు మార్పించారో గానీ పైభాగం అద్దంలా ఉండేది. శనివారం సాయంత్రం విమల ఇంటి వెనక మెట్ల మీద పేపరు పరుచుకుని పాలిష్ పెట్టేవారు. అంత మెరిపించిన బూట్లని ఆదివారం చర్చి గుమ్మంలో విప్పేసేవారు. మన ఊళ్ళల్లో చర్చి బయట చెప్పులు విప్పడం అందరూ చేసేదే. ఇక్కడ విమల వెళ్ళే లూథరన్ చర్చిలో అందరూ తెల్లవాళ్ళు, చలిదేశపు మనుషులు, బూట్లతోనే కూర్చుంటారు. మధ్యలో ఈయనొక్కరు మేజోళ్ళతో, కార్పెట్ మీద, తల పైకెత్తి నడుచుకుంటూ పోయేవారు. కాలికి దెబ్బేమైనా తగిలిందా అని ఒక ముసలావిడ అడిగిందట. విమల సిగ్గుతో చచ్చిపోయింది.

"నాన్నా, ఇక్కడ అక్కర్లేదు."

"మండే పొద దగ్గర, ఇది పరిశుద్ధ స్థలం, చెప్పులు విప్పమన్న దేవుడు అమెరికాకి మినహాయింపు ఇచ్చినట్టు నేనెక్కడా చదవలేదు. దేవుడు ఉన్నచోట విప్పుతాను, లేనిచోట విప్పను. అంతే."

ఆయన మూడోసారి వచ్చింది రూత్ పెళ్ళి కోసం. చలికాలంలోనే వచ్చేశారు, పెళ్ళి జూన్‌లో. ఆ ఫిబ్రవరిలోనే పోపుగారు రాజీనామా చేశారు. వందల ఏళ్ళలో జరగని పని అని టీవీలో ఒకటే మోత. మాస్టారు మంచులో పడుతూ లేస్తూ పొద్దున్నే మా ఇంటికి వచ్చేశారు. స్వీటు తెస్తారేమో అనుకున్నాను. మొహం చూస్తే ఎవరో పోయినట్టుంది.

"కుర్చీ దిగిపోయాడమ్మాయ్."

"సంతోషమేగా మీకు."

"ఎట్లా సంతోషం? వయసైపోయింది, చాతకావట్లేదు, దిగిపోతానంటున్నాడు. అచ్చం నేను రిటైరైనట్టు. అది ఉద్యోగమే అయితే, మేం ఇన్ని వందల ఏళ్ళు దేనితో కొట్లాడినట్టు?"

టీ ఇచ్చాను. ఆ రోజు పంచదార వద్దనడం మర్చిపోయారు. శత్రువు సెలవు పెట్టి వెళ్ళిపోయిన సైనికుడిలా కాసేపు కూర్చుని, "అయినా నిజాయితీపరుడే," అనేసి వెళ్ళిపోయారు. ఒక పోపు గురించి ఆయన నోట మంచిమాట నేను విన్నది అదొక్కసారే.

అసలు గొడవ మే నెలలో వచ్చింది. రూత్ చేసుకోబోయే కుర్రాడు డానియెల్. వాళ్ళవాళ్ళు ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. అంబులెన్సులో పారామెడిక్‌గా చేస్తాడు. చర్చిలో పెళ్ళి అని మాత్రమే విమల తండ్రికి చెప్పింది. ఏ చర్చో చెప్పలేదు. పెళ్ళికార్డు వచ్చాక దాని మీద ఒక సెయింటు పేరు ఆయన కంట పడింది. కార్డుని మడిచి, టేబులు మీద పెట్టి, "ఇది ఆర్సీఎం," అన్నారు. మన గుంటూరు వైపు రోమన్ క్యాథలిక్కుల్ని అట్లాగే అంటారు. 

చర్చికి రాకపోతే రాకపోయారు, ఫంక్షన్ హాల్‌కి వస్తారులే అని సరిపెట్టుకునే వ్యవహారం కాదది. తండ్రి లేని పిల్ల. గుమ్మం దగ్గర్నుంచి పెళ్ళికొడుకు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది తాతే. రూత్‌కి ఇంకో మనిషి అక్కర్లేదు. విమల నడిపిస్తానన్నా ఒప్పుకోలేదు.

"తాతా, you don't have to believe anything. జస్ట్ నాతో నడువు."

"కుర్రాడు మంచోడమ్మా. వాడితో నాకు పేచీ లేదు. వాడి బిషప్పుతోనే. ఆ గడప నేను తొక్కను."

"అయితే నేను alone నడుస్తా. అందరూ చూస్తారు. చూడనీ."

 ఇంట్లోవాళ్ళతో ఆయన ఆయుధం మౌనం. నాలుగు రోజులయ్యేసరికి విమల నా దగ్గరికొచ్చింది. "నువ్వు మాట్లాడు. నీతో అయితే కనీసం వాదిస్తాడు."

హెర్న్‌డన్‌లో పాత రైలు పట్టాలు పీకేసి నడకదారి వేశారు. సాయంత్రాలు అక్కడ నడిచేవాళ్ళం. ఆ రోజు బెంచీ మీద కూర్చోగానే, నేనేమీ అనకముందే ఆయన కళ్ళజోడు తీసేశారు. విమల పంపిందని తెలుసు.

"పిల్లరాజుకి ఒక అక్క ఉండేది కదా మాస్టారూ," అన్నాను.

"ఉండేది. వేరే తల్లి బిడ్డ. ఇరవయ్యేళ్ళు పెద్దది. పోపు పక్షం." అద్దాల్ని వెలుతురుకి ఎత్తారు. "ఆవిడ ఇంట్లో పూజ మానమన్నాడు. మానలేదు. పిలిపించి మొహం మీదే చెప్పాడు. మంత్రులంతా, పోనీలే బాబూ, ఆవిడ వెనక పెద్ద చక్రవర్తి ఉన్నాడు, యుద్ధమొస్తుంది, చూసీచూడనట్టు పో అన్నారు. వాడికి అప్పటికి పద్నాలుగేళ్ళు లేవు. ఏడ్చాడమ్మా. తప్పుని ఒప్పు అనమంటారేంటని ఏడ్చాడు. అదీ విశ్వాసమంటే."

"పుట్టినప్పుడు వాణ్ణి ఎత్తుకుని, బాప్తిస్మం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది ఎవరండీ? ఆ అక్కేగా?"

"అవును."

"తల్లి లేని పిల్లాడు. తల్లిలా చూసింది. చచ్చేముందు వాడేం చేశాడు? ఈ అక్క నాకు వారసురాలు కాదని స్వహస్తాలతో రాసి చచ్చాడు. రెండు వారాలు తిరక్కుండా ఆ అక్కే గద్దెక్కింది. మీవాడు వేయించిన బల్లలు పీకించి మళ్ళీ పీఠాలు పెట్టించింది. కొట్టిన సున్నం గీకించింది. ఇంక వాడికి మిగిలిందేంటి మాస్టారూ? మతం నిలబడలేదు. అక్కా మిగల్లేదు. పదిహేనేళ్ళ పిల్లాడికి మొండితనం ఉండొచ్చు, వాడికింకా తెలీదు. మీకు డెబ్బై దాటాయి."

తిరుగుదెబ్బ కోసం చూస్తున్నాను. ఆ అక్క ఐదేళ్ళకే పోయిందనీ, తర్వాత గద్దెక్కిన చిన్నక్క మళ్ళీ బల్లలు వేయించిందనీ ఆయన అనొచ్చు. అది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు కూడా. ఆయన అనలేదు. కళ్ళజోడు పెట్టుకున్నారు. వాదన మధ్యలో ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూశారు, సైకిళ్ళ మీద పోయేవాళ్ళని చూశారు, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "చీకటి పడకముందే వెళ్దాం," అన్నారు. ఇంకా ఎండ ఉంది.

మర్నాడు విమల ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "ఏమన్నావే? నిన్న రాత్రి అన్నం ముట్టలేదు నాన్న."

చెప్పాను. 

"నాన్నకి ఒక అక్క ఉండేది," అంది. "కరుణమ్మత్త. మా నాయనమ్మ తొందరగా పోతే నాన్నని పెంచింది ఆమే. తర్వాత ఒక ఆర్సీఎం ఆయన్ని చేసుకుంది. మా తాతే కాస్త మెత్తబడ్డాడు గానీ నాన్న మెత్తబడలేదు. అప్పటికి కాలేజీ కుర్రాడు. పెళ్ళికి వెళ్ళలేదు. తర్వాత కూడా వాళ్ళ గడప తొక్కలేదు. ఒకటే ఊరు. నేను మా అత్త మొహం ఫోటోలో తప్ప చూడలేదు, తెలుసా? ఆమె పోయినప్పుడు సమాధుల దొడ్డి గేటు దాకా వెళ్ళాడట. లోపల ఫాదరు ఆమె కోసం ప్రార్థన చేస్తున్నాడని గేటు దగ్గరే నిలబడి వచ్చేశాడు. మట్టి కూడా వెయ్యలేదు."

నాకు తెలీదు. తెలిసినా అదే మాట అనేదాన్ని. వాదనలో ఎదుటిమనిషి ఇంటి సంగతులు చూసుకుని మాట్లాడితే అది వాదన కాదు, మర్యాద.

రెండు రోజుల తర్వాత మాస్టారు మా తలుపు తట్టారు. టీ వద్దన్నారు. నిలబడే చెప్పారు, రాయబారి సంధి షరతులు చదివినట్టు. పిల్లని నడిపిస్తారు. కానీ మోకాళ్ళూనరు. వాళ్ళ పూజలో ఇచ్చే రొట్టె ముట్టరు. ఆమెన్ అనరు. "బూట్లు విప్పను. విప్పితే అది దేవుడి స్థలమని ఒప్పుకున్నట్టు. నాకది ఫంక్షన్ హాలు. హాల్లోకి మనవరాలి కోసం వచ్చాను, అంతే. ఈ ముక్క వాళ్ళకి నువ్వే చెప్పు."

చెప్పాను. రూత్ నా మొహం వంక వింతగా చూసింది. "Of course shoes ఉంచుకుంటారు ఆంటీ. పెళ్ళిలో shoes ఎవరు తీస్తారు?"

ఆయన జీవితంలో అంత గొప్ప ధిక్కారం ఒకటి చేయబోతుంటే, అక్కడ అది ధిక్కారమని తెలిసినవాళ్ళు విమలా నేనూ ఇద్దరమే.

పెళ్ళికి రెండు రోజుల ముందు చర్చిలో రిహార్సల్ జరిగింది. నేను వెళ్ళలేదు. ఆయన బయటే నిలబడ్డారనీ, ఎవరెక్కడ నడవాలో చెప్పడానికి బయటికొచ్చిన చర్చి ఆఫీసామెతో పక్కకెళ్ళి చాలాసేపు మాట్లాడారనీ విమల చెప్పింది. "ఆమెకి కూడా పిల్లరాజు కథ మొదలెట్టాడేమోనని నా ప్రాణం పోయింది. ఆమె నవ్వుతూనే వచ్చిందిలే."

పెళ్ళిరోజు బూట్లు ఇంకా మెరిశాయి. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు. అలవాటు, కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఎడమ మడమ కొంచెం లేచింది కూడా. మళ్ళీ దించి, బూట్లతోనే లోపలికి అడుగేశారు. టకటకమని చప్పుడు చేసుకుంటూ మనవరాలిని డానియెల్ దాకా నడిపించి, ఆ కుర్రాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, మొదటి వరసలో విమల పక్కన కూర్చున్నారు. వాళ్ళ వెనక వరసలో నేను. అందరూ మోకాళ్ళూనినప్పుడు నిటారుగా కూర్చున్నారు. అందరూ ఆమెన్ అన్నప్పుడు పెదవి కదపలేదు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా ఉన్నారు. షరతులన్నీ అక్షరాలా జరుగుతున్నాయి. నేను కూడా కొంచెం గర్వపడ్డాను. ఈ సంధి కుదిర్చింది నేనే కదా.

తర్వాత ప్రార్థనలు మొదలయ్యాయి. డానియెల్ మేనకోడలు ఒక అమ్మాయి మైకు ముందుకొచ్చి చదువుతోంది. కొత్త దంపతుల కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం. ఒక్కోదానికీ జనం బదులు పలుకుతున్నారు. ఆ హోరులో ముందు వరస నుంచి ఏదో చిన్న రాపిడి వినిపించింది. మాస్టారు ముందుకి వంగి ఉన్నారు. ఒంట్లో బాగాలేదేమోనని నేనూ వంగి చూశాను. లేసు విప్పుతున్నారు. కుడి బూటు తీసి పక్కన పెట్టారు. ఎడమది తీశారు. రెంటినీ జతగా, ముందుభాగాలు గుమ్మం వైపు తిప్పి, బెంచీ కిందకి నెట్టారు. గుంటూరులో చర్చి మెట్ల మీద పెట్టినట్టే. మేజోళ్ళ కాళ్ళు నేల మీద ఆనించి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఇరు కుటుంబాల్లో మనల్ని విడిచి వెళ్ళినవాళ్ళ కోసం ప్రార్థిద్దాం," అని చదివింది ఆ అమ్మాయి. డానియెల్ తాతగారి పేరు చదివింది. రూత్ తండ్రి సుధాకర్ పేరు చదివింది. ఒక్క క్షణం ఆగి, పేరు కొత్తది కాబట్టి కూడబలుక్కుని, "కరుణమ్మ" అంది.

విమల ఉలిక్కిపడి తండ్రి వైపు తిరిగింది. రూత్ కూడా అక్కడ్నుంచి ఇటు చూసింది. ఇద్దరికీ తెలీదన్నమాట. ఎవరిచ్చారా ఆ పేరు అని నేను వెతుక్కోలేదు. బూట్లు ముందు విప్పారు. పేరు తర్వాత వచ్చింది.

జనమంతా బదులు పలికారు. ఆయన గొంతు నాకు వినపడలేదు. వీపు మాత్రమే కనపడింది. అది ఇన్విజిలేటర్ వీపు కాదు.

సాయంత్రం రిసెప్షన్‌లో కేకు ప్లేటు పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. కాళ్ళకి బూట్లున్నాయి. కళ్ళజోడు కూడా ఉంది.

"మాస్టారూ, లోపల బూట్లు విప్పేశారు."

"కొత్తవమ్మాయ్," అన్నారు. "కరిచాయి."

వచ్చిన ప్రతిసారీ ఆయన కాళ్ళకి నేను చూసిన బూట్లు అవే. కేకు బాగుందన్నాను. పంచదార ఎక్కువైందన్నారు. ఇద్దరం ఆ విషయం మీద కాసేపు వాదించుకున్నాం.

ఇదంతా మళ్ళీ ఒకసారి అనుకుని, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే విమలకి ఫోన్ చేశాను.

"రూత్‌ని చదివించుకోనీ," అన్నాను.

"నాన్న వద్దని చెప్పిపోయాడు కదే."

"చెప్పారు. అడ్డమొస్తే నేను వాదిస్తాలే."

"పోయిన మనిషితో ఏం వాదిస్తావు?"

"ఏముంది," అన్నాను. "బూట్లు కరిచాయని చెప్తాను."